ఎదురు వరసలో తమ్ముడు

కుంహెలిగ్‌లో అతన్ని తారు గెర్విన్ అంటారు. ఆ లోయలో ఒకే పేరు నలుగురైదుగురికి ఉంటుంది, అందుకని పేరు ముందు పని తగిలించి పిలవడం అలవాటు. రొట్టెల గెర్విన్ వేరు, బస్సు గెర్విన్ వేరు. ఇతను రోడ్లు వేస్తాడు. బడి మానేసిన ఏడు చేతికొచ్చిన పార మళ్ళీ దిగలేదు. పార తర్వాత రోడ్డు పగలగొట్టే మిషను వచ్చింది, దాని తర్వాత తారు అదిమే మిషను వచ్చింది. అవి పట్టుకుని పట్టుకుని, నలభై దాటేసరికి కుడి చేతి వేళ్ళు తెల్లబడటం మొదలైంది. చలి పొద్దుల్లో సున్నం పూసినట్టు పాలిపోతాయి. గిల్లినా తెలీదు. కప్పులో టీ కాలుతోందో చల్లారిందో పెదవులకే తెలియాలి.

డాక్టరు దగ్గరికి వెళ్తే, "ఆ మిషను ముట్టుకోవడం మానెయ్యండి" అన్నాడు.

"మానేసి?" అన్నాడు గెర్విన్.

డాక్టరు కంప్యూటరు వైపు చూశాడు. గెర్విన్ కోటు తొడుక్కుని వచ్చేశాడు.

తండ్రి పోయాక అదే ఇంట్లో ఉంటున్నాడు. పెళ్ళాం ఏనాడో కార్డిఫ్ పట్నం వెళ్ళిపోయింది. గొడవేం లేదు, ఒక వారం వెళ్ళింది, రాలేదు. ఇతను అడగనూ లేదు. వారమంతా ఒకటే తీరు. తెల్లవారకముందే వ్యాను, సాయంత్రం టీవీ, మధ్యలో తారు వాసన. శనివారం మధ్యాహ్నం మాత్రం క్లబ్బు రెండో జట్టుకి రగ్బీ ఆడతాడు. మొదటి జట్టులోకి రాని కుర్రాళ్ళు, మొదటి జట్టులోంచి జారిపోయిన ముసలాళ్ళు, పెళ్ళాలు బయటికి తోలితే వచ్చిన వాళ్ళు, అందరూ కలిస్తే రెండో జట్టు. చూడ్డానికి వచ్చేది ఇద్దరు ముసలివాళ్ళు, ఒక కుక్క. అయినా అది లీగే. పాయింట్లున్నాయి, పట్టిక ఉంది.

గెర్విన్‌ది స్క్రమ్‌లో ముందు వరస, కుడి పక్క. ముగ్గురు భుజాలు కలిపి వంగుతారు, అవతలి ముగ్గురూ వంగుతారు, తలలు ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుంటాయి, వెనకనుంచి మిగిలినవాళ్ళు తోస్తారు. కుడి పక్కవాడి చెవి ఎదుటి జట్టు ఎడమ పక్కవాడి చెవికి రాసుకుంటుంది. పెళ్ళాం మొగుడు కూడా అంత దగ్గరగా మొహాలు పెట్టుకోరు.

అదే లోయలో, కొండ మలుపుకి అవతలి ఊరు ట్రెవానన్. వాళ్ళ రెండో జట్టులో ఆ ఎడమ పక్కన వంగేది గెర్విన్ తమ్ముడు ఇల్తిద్.

ఇద్దరికీ మాటల్లేవు. పదేళ్ళ పైమాట. ఇల్తిద్ ట్రెవానన్ పిల్లని చేసుకుని అక్కడే ఇల్లు తీసుకున్నాడు, వాళ్ళ క్లబ్బులో చేరాడు. అక్కడిదాకా ఊరు తిట్టుకుని ఊరుకుంది. తండ్రిని సాగనంపిన రోజు మాత్రం అతను ట్రెవానన్ క్లబ్బు టై కట్టుకుని వచ్చాడు. ఆకుపచ్చ టై. వాళ్ళ నాన్న కుంహెలిగ్ నల్ల జెర్సీ వేసుకుని ముప్ఫై ఏళ్ళు ఆడిన మనిషి. శవపేటిక మీద కూడా ఆ నల్ల జెర్సీయే పరిచారు. ఇల్తిద్ భుజం పెట్టబోతుంటే గెర్విన్ చెయ్యి అడ్డం పెట్టి, "ఆ రంగుతో మా నాన్నని ముట్టుకోకు" అన్నాడు. అందరి ముందూ అన్నాడు. ఇల్తిద్ పక్కకి తప్పుకున్నాడు. రొట్టెల గెర్విన్ వచ్చి ఆ మూల పట్టుకున్నాడు.

అంతే. తర్వాత ఫోను లేదు, పండక్కి కార్డు లేదు. ఏడాదికి రెండు సార్లు, వాళ్ళ మైదానంలో ఒకసారి, వీళ్ళ మైదానంలో ఒకసారి, స్క్రమ్‌లో చెవికి చెవి రాసుకోవడమే. ఇల్తిద్‌కి జలుబు చేసి ఉంటే గెర్విన్‌కి తెలిసేది. పొద్దున వెల్లుల్లి తిన్నాడో, సిగరెట్లు మళ్ళీ మొదలెట్టాడో తెలిసేది. ఒక ఏడు బాగా చిక్కాడు. ఎందుకో తెలీలేదు. అడిగే దారి లేదు. మరుసటి ఏడు మళ్ళీ బరువెక్కాడు, గెర్విన్ ఊపిరి పీల్చుకున్నాడు.

ఒక్కటే కోపం. ఈ మూడేళ్ళుగా ఇల్తిద్ దొంగాట ఆడుతున్నాడు. గెర్విన్ కుడి చెయ్యి అతని జెర్సీ పట్టుకోవాలి, అది రూలు. పట్టగానే ఇల్తిద్ మోచెయ్యి దించి ఆ చేతిని తన పక్కటెముకలకేసి అదిమేస్తాడు. స్క్రమ్ లేచేదాకా వదలడు.

"చూశావా వాడి బుద్ధి, చెయ్యి కదలనివ్వడు" అనేవాడు గెర్విన్, ఆట అయ్యాక బీరు ముందు.

"ట్రెవానన్ నీళ్ళు తాగితే అంతే మరి" అనేది నెస్టా. బారు చూసుకునే మనిషి. ఊళ్ళో ఎవరికి ఎవరితో పడదో అంతా ఆమెకి తెలుసు.

ఫిబ్రవరిలో క్లబ్బులో మీటింగు పెట్టారు. సెక్రటరీ సిరిల్ లీగు వాళ్ళు పంపిన మ్యాపు గోడకి అంటించాడు. లోయలన్నీ రెండు రంగుల్లో ఉన్నాయి.

"కూర్చోండిరా. ముందు వినండి, గొడవ తర్వాత చేద్దురుగాని" అన్నాడు. "ఇప్పటిదాకా లోయ లోయకీ ఒక లీగు. ఇక అలా ఉండదు. నదికి తూర్పునున్న క్లబ్బులన్నీ ఒకటి, పడమటివన్నీ ఒకటి."

"మనం?"

"పడమర."

"ట్రెవానన్?"

సిరిల్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "తూర్పు."

"నదా! దాన్ని నది అన్నదెవడు?" అని వెనకనుంచి ఒక ముసలాయన లేచాడు. "మా అమ్మ స్లిప్పర్లతో దాటి వాళ్ళ ఊళ్ళో గుడ్లు కొనుక్కొచ్చేది!"

"మ్యాపులో నదే తాతా."

"అయితే వాళ్ళతో ఆటే లేదన్నమాట?"

"మొదటి జట్లకి క్రిస్మస్ మర్నాడు ఒక ఆట పెట్టుకోమన్నారు. పాయింట్లుండవు. స్నేహపూర్వకంగా."

"ట్రెవానన్‌తో స్నేహపూర్వకంగానా?" అంది నెస్టా గ్లాసులు తుడుస్తూ. "అయితే ముందు రోజే అందరికీ మత్తు సూదులేయించాలి."

నవ్వులు తగ్గేదాకా సిరిల్ ఆగాడు. అతనికి నవ్వు రాలేదు. "రెండో జట్ల సంగతి. వాటికి కొత్త లీగు పెడుతున్నారు. చేరాలంటే ముందు వరస ఆడేవాళ్ళు సరిపడా ఉన్నారని క్లబ్బు హామీ ఇవ్వాలి. మనకి లేరు. ఈ ఏడు ఎన్ని ఆటలు ఎగ్గొట్టామో మీకు తెలుసు. లీగు వాళ్ళని తప్పుపట్టను. బస్సు పెట్టుకుని గంట పోతే అవతల తొమ్మిది మంది నిలబడి ఉంటున్నారు. కుర్రాళ్ళు లేర్రా ఎక్కడా. ట్రెవానన్‌దీ అదే గతి."

"అయితే మా రెండో జట్టు పోయినట్టేనా?"

"ఒక దారుంది. రెండు ఊళ్ళూ కలిసి ఒకటే రెండో జట్టు పెడితే చేర్చుకుంటారు."

అందరూ ఒకేసారి అందుకున్నారు.

"జెర్సీ ఏ రంగు?"

"సగం నలుపు, సగం ఆకుపచ్చ."

"పాచి పట్టిన బొగ్గులాగ!"

"మా నాన్న లేచొచ్చి నన్ను తంతాడు."

"మీ నాన్న బతికుండగానే లేవలేదు కదరా కుర్చీలోంచి!"

"సరే సరే. వద్దనేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు సిరిల్.

గెర్విన్ అప్పుడు బూటు అడుగు గురించి ఆలోచిస్తున్నాడు. కుడి బూటు ముందు భాగం నోరు తెరిచింది, ఎండాకాలందాకా ఆగుతుందా లేదా అని. పక్కన ఓషియన్ చెయ్యెత్తాడు. అతను ఎదిగొస్తున్న కుర్రాడు, ముందు వరసలో ఎడమ పక్క ఆడతాడు, వంగడం నేర్పింది గెర్వినే. ఓషియన్ ఎత్తాడని గెర్విన్ ఎత్తాడు. గదంతా చేతులే. వెనక గోడనున్న పాత జట్ల ఫోటోలు కనబడలేదు.

ఇంటికి నడుస్తుంటే బస్టాపు దగ్గర తెలిసొచ్చింది. ఇక ఇల్తిద్ ఎదురుగా ఉండడు. పక్కన ఉండే వీలుంటే దాన్నీ తన చేత్తోనే వద్దన్నాడు. బస్టాపులో బెంచీ మీద కూర్చున్నాడు. ఏదో ఒకటి అనిపిస్తుందేమోనని చూశాడు. ఏమీ అనిపించలేదు. చినుకులు పడుతున్నాయి. బస్సు గెర్విన్ బస్సు ఆపి, "ఎక్కుతావా?" అన్నాడు. "లేదు, ఊరికే కూర్చున్నా" అన్నాడు. బస్సు వెళ్ళిపోయింది.

ఆ వారమే ట్రెవానన్‌లోనూ మీటింగు అయింది, వాళ్ళూ వద్దన్నారని నెస్టా చెప్పింది. "ఈ ఒక్క విషయంలో రెండూళ్ళదీ ఒకటే మాట. చరిత్రలో మొదటిసారి" అంది.

రెండో జట్ల ఆఖరి ఆట ఏప్రిల్లో, కుంహెలిగ్ మైదానంలో. ఏడాదంతా మొహం చూపించని వాళ్ళు ఆ రోజు సంచీలు పట్టుకుని దిగారు. పొట్ట జెర్సీలో పట్టనివాడొకడు, మోకాలికి ఆపరేషనయినవాడొకడు. ముందు వరస వాళ్ళే నలుగురు తేలారు. గట్టు మీద జనం కూడా బాగానే ఉన్నారు. చావుకొచ్చినట్టు మంచి కోట్లు వేసుకుని వచ్చారు.

జట్టుకి పదిహేను మంది కావాలి, ట్రెవానన్ మినీబస్సులోంచి పదముగ్గురే దిగారు.

ఇల్తిద్ వాళ్ళ కెప్టెను. సంచీ భుజాన వేసుకుని తిన్నగా సిరిల్ దగ్గరికొచ్చాడు. గెర్విన్ అక్కడే గోడకానుకుని లేసులు కట్టుకుంటున్నాడు. ఇల్తిద్ అతని వైపు చూడలేదు.

"మా కుడి పక్కవాడు రాలేదు సిరిల్. గొర్రెలు ఈనుతున్నాయట, అడ్డం తిరిగిందొకటి. రాత్రంతా పాకలోనే ఉన్నాడు."

"అయితే స్క్రమ్‌లో తోపుల్లేవు" అన్నాడు రిఫరీ. ముందు వరసలో ముగ్గురూ పని తెలిసినవాళ్ళు కాకపోతే తోసుకోకూడదు, ఒకరికొకరు ఆనుకుని నిలబడి బంతి వదిలెయ్యాలి. మెడలు విరగకుండా పెట్టిన రూలు.

"ఆఖరి ఆట, తోపుల్లేకుండానా" అని గట్టు మీద ముసలాయన అరిచాడు. "అంతకంటే అందరం కలిసి ఫోటో దిగి ఇంటికి పోదాం పదండి!"

ఇల్తిద్ నేల చూస్తూ, "ఒక మనిషినివ్వు సిరిల్" అన్నాడు. "కుడి పక్కకి."

రెండో జట్లలో అది మామూలే. వచ్చినవాళ్ళకి మనుషులు తక్కువైతే మైదానం ఎవరిదో ఆ జట్టు ఇవ్వాలి, అడిగితే కాదనకూడదు. కానీ ఈ రెండు ఊళ్ళ మధ్య ఎవరూ ఎప్పుడూ అడగలేదు. పన్నెండు మందితో ఆడి నలభై పాయింట్ల తేడాతో ఓడిపోయారు గాని అడగలేదు. సిరిల్ తన వాళ్ళ వైపు తిరిగాడు. అందరూ బూట్లు చూసుకున్నారు. ఆకుపచ్చ వేసుకుంటే ఆ పేరు చచ్చేదాకా ఉంటుంది.

తోపుల్లేకపోతే స్క్రమ్‌లో వంగి ఆనుకోవడమే, లేచిపోవడమే. బరువుండదు. తోస్తేనే ఇల్తిద్ ఉన్నట్టు తెలిసేది. గెర్విన్ ఇదంతా ఆలోచించాడని కాదు.

"నేను పోతా" అన్నాడు.

ఎవరో ఈలేశారు. "తారన్నా, పాస్‌పోర్టు తెచ్చుకున్నావా?"

"టై కూడా ఇస్తారేమో అడుగు!"

ఆ మాట అన్నవాణ్ణి సిరిల్ ఒక చూపు చూశాడు.

ఇల్తిద్ సంచీలోంచి మూడో నంబరు జెర్సీ తీశాడు. చేతికివ్వలేదు, గోడ మీద పెట్టాడు. "చిన్నదవుద్దేమో" అన్నాడు సిరిల్‌తో.

చిన్నదే అయింది. మెడ దగ్గర ఇరుక్కుంటే ఓషియన్ కిందకి లాగాడు. వేరే ఇంటి సబ్బు వాసన వచ్చింది. ఈ రంగు మెడలో ఉందనే కదా ఆ రోజు తమ్ముణ్ణి తండ్రి దగ్గర్నుంచి తోసేశాడు. ఇప్పుడు అదే రంగు వంటి నిండా ఉంది. గెర్విన్ కిందకి చూసుకున్నాడు. పొట్ట కనబడింది. మైదానంలోకి నడిచాడు.

మొదటి స్క్రమ్. మధ్యలో ట్రెవానన్ కుర్రాడు. వాడి వీపు మీదుగా గెర్విన్ ఎడమ చెయ్యి వేశాడు. అవతలి నుంచి ఇల్తిద్ కుడి చెయ్యి వచ్చింది. రెండు మోచేతులూ తగిలాయి. ఎవరూ తీయలేదు, తీస్తే కుర్రాడు పడిపోతాడు.

ఎదురుగా ఓషియన్. "ఏమనుకోకన్నా" అన్నాడు.

"అనుకుంటే మానేస్తావా? తొయ్యి."

తోశారు. గెర్విన్ కుడి చెయ్యి ఓషియన్ జెర్సీ పట్టుకుంది. పట్టుకుందనుకున్నాడు. బరువు పడగానే జారిపోయింది, స్క్రమ్ మొత్తం బురదలోకి కూలింది. రిఫరీ ఈల వేశాడు. "ఆకుపచ్చ మూడు. చెయ్యి వదిలేశావు."

"వదల్లేదు."

"పెనాల్టీ."

రెండోసారీ అదే. మూడోసారి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు, భుజం నొప్పెట్టేదాకా పట్టాడు. మళ్ళీ కూలింది. నోట్లో గడ్డి.

గట్టు మీదనుంచి, "భలే సాయం చేస్తున్నావురా మనకి! అక్కడే ఉండు!" అని అరుపులు.

"బురదలో పడటానికి కూడా మనిషిని అరువిచ్చాం, రసీదు రాయించుకో సిరిల్!"

ఓషియన్ లేస్తూ చిన్నగా అన్నాడు, "అన్నా, నువ్వు పట్టుకోవడం లేదు. ఊరికే ఆనించి ఉంచుతున్నావు."

గెర్విన్ చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. వేళ్ళు తెల్లగా ఉన్నాయి, గోళ్ళ దాకా. ముడిచాడు. ముడుచుకున్నాయి, కానీ అవి ఏమైనా పట్టుకున్నాయో లేదో వాటికే తెలీదు. ఎన్నాళ్ళనుంచి ఇలా? రెండేళ్ళా, మూడేళ్ళా? మిగతా ఊళ్ళతో ఆడినప్పుడు పెనాల్టీలు పడుతూనే ఉన్నాయి, రిఫరీల్ని తిట్టుకుని ఊరుకున్నాడు. ట్రెవానన్‌తో ఆడినప్పుడు మాత్రం ఒక్కటీ పడలేదు. ఆ చెయ్యి ఒక్కసారీ జారలేదు. జారే వీలు లేదు కదా. పైన మోచెయ్యి ఉండేది.

తల తిప్పి ఇల్తిద్ వైపు చూశాడు. ఇల్తిద్ పళ్ళ కవచం నములుతూ నేల చూస్తున్నాడు. నడుం మీద చేతులు పెట్టుకుని, నాన్న నిలబడినట్టే.

"ఇటు రా" అన్నాడు ఇల్తిద్, నేలనే చూస్తూ.

గెర్విన్ కదల్లేదు. తనతోనే అన్నాడని తెలియడానికి కాస్త పట్టింది.

"ఈ పక్కకి రా. నేను అటు పోతా. నీకు ఎడమ చెయ్యి కాస్త నయం కదా."

పదేళ్ళ తర్వాత మొదటి మాట అది. గెర్విన్ ఎడమ పక్కకి వెళ్ళాడు. ఎడమ పక్క ఆడటం అతనికి సరిగా రాదు, మెడ వేరేగా పెట్టాలి, కానీ అక్కడ ఎదుటివాణ్ణి పట్టాల్సింది ఎడమ చెయ్యి. ఈసారి స్క్రమ్ నిలబడింది. వెనకనుంచి బరువు వచ్చింది, ముందునుంచి వచ్చింది, మధ్యలో ఏడెనిమిది మంది మూలుగు. కుర్రాడి వీపు మీద ఇల్తిద్ చెయ్యి ఎక్కడుందో గెర్విన్‌కి వేళ్ళతో తెలీలేదు గాని ముంజేతికి తెలిసింది. బంతి వెళ్ళిపోయింది. ఒకరిని ఒకరు వదిలారు.

ఆట ఎలా అయిందో తర్వాత ఎవరడిగినా గెర్విన్ సరిగా చెప్పలేకపోయాడు. నల్ల జెర్సీలు గెలిచాయి, అంటే అతను ఓడిపోయాడు. ఈల మోగాక గట్టు మీద కాసేపు చప్పట్లు. కుక్క మైదానంలోకి పరిగెత్తింది. రెండో జట్లు అలా అయిపోయాయి.

స్నానాల గదిలో జెర్సీ ఊడిరాలేదు. తడిసి ఒంటికి అంటుకుపోయింది, మెడ పట్టి లాగడానికి వేళ్ళు పనిచెయ్యలేదు. ఎవరినైనా లాగమనొచ్చు. అడగబుద్ధి కాలేదు. దాని మీదే కోటు తొడుక్కుని, పైదాకా జిప్పు లాక్కుని, క్లబ్బు హాల్లో కూర్చున్నాడు. అక్కడ పెద్ద బల్లల మీద రెండు జట్లకీ మాంసం ఉండలు, బఠాణీ వడ్డిస్తున్నారు. ఇల్తిద్ అవతలి బల్ల దగ్గర ఉన్నాడు. ఒకసారి ఇద్దరి కళ్ళూ కలిశాయి. ఇల్తిద్ ఉప్పు డబ్బా అందుకున్నాడు. తర్వాత మినీబస్సు హారన్ మోగింది, వాళ్ళు లేచారు.

నెస్టా వచ్చి గెర్విన్ ప్లేటు తీస్తూ కోటు కాలరు లోపలికి చూసింది. "ఇంకా విప్పలేదేంట్రా గెర్వినూ? నచ్చిందా ఏంటి?"

"ఊడట్లేదు."

ఆమె అతన్ని వెనక్కి తిప్పి, కోటు విప్పి, ఒక్క లాగు లాగింది. గెర్విన్ చెవులు ఎర్రబడ్డాయి. "ఉతికి ఇచ్చెయ్యి మరి. అరువు జెర్సీ తొడుక్కున్నవాడే ఉతకాలి, తొడుక్కున్నవాడే పట్టుకెళ్ళి ఇవ్వాలి. మన ఊరి పరువు."

ఆదివారం పొద్దున అది గెర్విన్ పెరట్లో తాడు మీద ఆరుతోంది. సందులోంచి పోయేవాళ్ళు ఆగి చూశారు. రొట్టెల గెర్విన్ వ్యాను ఆపి, "తెల్ల జెండా అయిపోయిందా, అది కట్టావు?" అన్నాడు. గెర్విన్ చెయ్యి ఊపాడు. నల్ల జెర్సీల మధ్య పెరిగిన పెరడు. ఆ తాడు మీద ఆకుపచ్చ అదే మొదటిసారి. గాలికి ఊగుతోంది. చూస్తూ నిలబడ్డాడు. సిగ్గేస్తుందనుకున్నాడు. గుడ్డలాగే ఉంది.

ఆదివారం బస్సులుండవు. జెర్సీ మడిచి రొట్టెల కవరులో పెట్టుకుని కొండ మీది దారిన నడిచాడు. వానలకి దారంతా నానిపోయి ఉంది. గొర్రెలూ పిల్లలూ తప్ప మనుషుల్లేరు. పైకెక్కాక రెండు ఊళ్ళూ కనబడతాయి, రెండు మైదానాలూ, మధ్యలో ఆ నది. పైనుంచి చూస్తే నిజంగానే గుడ్లు కొనుక్కొచ్చేంత నది.

ఇల్తిద్ ఇల్లు వీధి చివర. ఇల్తిద్ వాకిట్లోనే చెత్తడబ్బా కడుగుతున్నాడు. అన్నని చూసి గొట్టం ఆపాడు.

"ఉతికా" అన్నాడు గెర్విన్, కవరు చాపి.

"ఎవరికివ్వను దీన్ని?" అన్నాడు ఇల్తిద్. "మిగతావన్నీ బస్తాలో కట్టేశారు. జట్టే లేదుగా. నువ్వే ఉంచుకో."

"మీ జెర్సీ నాకెందుకు?"

"నాకు మాత్రం ఎందుకు?"

కవరు వాళ్ళిద్దరి మధ్య గోడ మీద ఉంది. తెచ్చిన పని అయిపోయింది. వెళ్ళిపోవచ్చు. గెర్విన్ కొండ వైపు చూశాడు, మళ్ళీ చెత్తడబ్బా వైపు చూశాడు.

"ఆ మోచెయ్యి" అన్నాడు. "నేను దొంగాట అనుకున్నా."

"దొంగాటే. రిఫరీ చూసుంటే పెనాల్టీ."

"నా చెయ్యి సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"జారిపోతుంటే తెలీదా? ఒకసారి నీ తల నేలకి తగలబోయింది." ఇల్తిద్ గొట్టం చుట్ట చుట్టాడు. చుట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టాడు. "రెండూళ్ళకీ కలిపి ఒకటే జట్టన్నారు కదా. నువ్వు చెయ్యెత్తావా?"

"దేనికి?"

"వద్దని."

"ఎత్తా" అన్నాడు గెర్విన్. "నువ్వు?"

"నేనూ ఎత్తా."

"పక్కవాడు ఎత్తాడు" అన్నాడు గెర్విన్.

"మా పక్కవాడూ అంతే. వెధవ."

టై మాట ఇద్దరూ ఎత్తలేదు. అవతలివాడు ఎత్తుతాడేమోనని ఇద్దరూ కాసేపు ఆగారు.

లోపలినుంచి ఇల్తిద్ భార్య డెలిత్ తొంగి చూసింది. చూసి, గుమ్మంలో ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. "వాకిట్లోనే మాట్లాడి పంపించేస్తావా ఏంటి?" అంది మొగుడితో. తర్వాత, "రండి బావగారూ. బూట్లు మాత్రం విప్పి రండి, ఇప్పుడే నేల తుడిచాను."

గెర్విన్ మెట్టు మీద కూర్చుని వంగాడు. తడిసిన లేసులు బిగుసుకుపోయాయి. వేళ్ళు ముడి మీద ఆనాయి, జారాయి, మళ్ళీ ఆనాయి. ముడి ఎక్కడుందో కళ్ళతో చూస్తే గాని తెలియడం లేదు. డెలిత్ లోపలికి వెళ్ళిపోయింది.

ఇల్తిద్ వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. అన్న చేతులు పక్కకి నెట్టాడు. "ఇంత గట్టిగా ఎవరు కట్టారు?"

"నేనే. ఎంత లాగుతున్నానో తెలీదు."

ఇల్తిద్ గోళ్ళతో గిల్లి గిల్లి ముడి విప్పాడు. రెండో బూటు నోరు తెరుచుకుని ఉంది. రెండూ తీసి గోడ పక్కన పెట్టాడు.

లోపల వంటింటి నేల చల్లగా ఉంది. మేజోళ్ళు తడిసి ఉండటం వల్ల ఆ చలి అరికాళ్ళకి తెలిసింది. డెలిత్ కప్పులో టీ పోసి ముందు పెట్టింది. గెర్విన్ చెయ్యి చాచాడు.

ఇల్తిద్ ముందుగా కప్పు ముట్టుకుని చూశాడు. "ఆగు, కాలుద్ది" అన్నాడు.

గెర్విన్ ఆగాడు.